నూనె తాగే బండిలో కేజీఎఫ్ ప్రయాణం

రాజమ్మత్తకు శ్రీనివాసపురం మామిడిపండ్ల మీద ఉన్న మోజు మా ఇంట్లో అందరికీ తెలిసిందే. బెంగళూరులో వీధి చివర బండి మీద అవే పండ్లు దొరికినా ఆమెకు ఆనవు. మండీకి పోవాలి, లారీ పక్కన నిలబడాలి, ఒక్కో పండూ ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. ఆమె మా నాన్నకు అక్క. టీచరుగా చేసి రిటైరై, ఇప్పుడు మా ఇంటికి దగ్గర్లోనే కూతురి దగ్గర ఉంటోంది. జూన్ వచ్చీ రాగానే ఫోన్ చేసింది. "ఈ తడవ మామిడిపండ్లు వట్టి సాకు అప్పా. కాంతమ్మను చూసి శానా దినాలైంది. అట్లనే కేజీఎఫ్ మీద పోదాం," అంది. కాంతమ్మ అంటే కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్ అనే చోట, గని కార్మికుల వరస ఇళ్ల లైన్లో అత్తతో కలిసి పెరిగిన స్నేహితురాలు. మా తాత పలమనేరు పక్క పల్లె నుంచి గనిలో పనికి వచ్చి ఆ లైన్లోనే కాపురం పెట్టాడు. అత్త, నాన్న పుట్టింది అక్కడే.

బెంగళూరు నుంచి కేజీఎఫ్, ముళబాగిలు, శ్రీనివాసపురం ఒక్క రోజులో చుట్టి రావచ్చా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రావచ్చు. పొద్దున ఏడులోపు బయలుదేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. దారీ, తిండీ, ఖర్చూ అన్నీ చెబుతాను. కాకపోతే దారిలో నేనొక పని చేశాను. అది వదిలేసి మిగతా అంతా రాస్తే మీకు దోసె రుచి తెలుస్తుంది కానీ నేను అబద్ధం ఆడినట్టే అవుతుంది. అందుకని అదీ రాస్తున్నాను. చదివి తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు బండి సంగతి. గొడవంతా దాని పొట్టలోంచే వచ్చింది. కిందటేడు కొన్న చిన్న ఎస్‌యూవీ, మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను. బానెట్ ఎత్తి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, హైవే ఎక్కితే మాత్రం వెనక సీట్లో వాళ్లు తలుపు పైన పిడి పట్టుకోవాల్సిందే. నేను ఒక బీమా ఆఫీసులో వాహనాల క్లెయిములు చూస్తాను. అందువల్ల నాకు బండ్లు తెలుసని మా చుట్టాల నమ్మకం. నిజానికి నాకు తెలిసినవి గుద్దుకున్న బండ్లు మాత్రమే. ఎదుటివాడు చెప్పింది నమ్మకపోవడానికే నాకు జీతం ఇస్తారు. ఆ గుణాన్ని ఆఫీసులో వదిలేసి ఇంటికి వచ్చే రకం కాదు నేను, మా ఆవిడను అడిగినా చెబుతుంది.

వేసవి మొదట్లో స్నానాలగదిలో జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాను. జూలై దాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటి నుంచి సెలవు రోజుల్లో నా బండి తోలింది మునిరాజు. నా ఈడువాడే, సొంత ఊరు ముళబాగిలు దగ్గర బైరకూరు. కోలారు రోడ్డు మీది నరసాపురంలో ద్విచక్రవాహనాల ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడి పనివాళ్లను కేజీఎఫ్ నుంచి తీసుకుపోయి తీసుకొచ్చే కంపెనీ బస్సు నడుపుతాడు. కేజీఎఫ్‌లోనే రాబర్ట్‌సన్‌పేటలో గది. ఆదివారం నాకు పని ఉంటే మారికుప్పం నుంచి వచ్చే పొద్దుటి రైల్లో కృష్ణరాజపురం దాకా వచ్చి, మా ఇంటికి నడిచి వచ్చేవాడు. ఈసారి కేజీఎఫ్ నుంచి రైలెక్కి వచ్చి మమ్మల్ని కేజీఎఫ్‌కే తీసుకుపోవాలన్నమాట. "మీరే రాబర్ట్‌సన్‌పేటకు వచ్చేసుంటే నాకు నిద్రన్నా మిగిలేది సార్," అని నవ్వాడు. మేం అంత చనువుగానే ఉండేవాళ్లం.

ఒక్క సంగతి తప్ప. ఏప్రిల్లో ఒక ఆదివారం అతను బానెట్ ఎత్తి, ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ తీసి తుడిచి చూసి, నూనె కింది గీత దగ్గరికి వచ్చిందన్నాడు. నాకు నచ్చలేదు. సర్వీసింగు చేసి నిండా మూడు నెలలు కాలేదు. కింద చుక్క కారిన మరక లేదు, వెనక పొగ లేదు. "కొత్త బండికి నూనె ఎట్ల తగ్గుతాది మునిరాజూ?" అన్నాను. అడిగిన తీరులో ఏముందో నాకు తెలుసు, అతనికీ తెలిసింది. అయినా ఒక లీటరు డబ్బా కొనిచ్చి పోయమన్నాను. పోసేటప్పుడు నేను ఫోన్లో ఉన్నాను, చూడలేదు. ఈ చూడకపోవడమే తర్వాత నాకు పెద్ద ఆధారంలా కనిపించింది.

సరే, ప్రయాణం. ఆదివారం ఏడుకు కాస్త ముందు బయలుదేరి హోసకోటె టోలు దాటాం. కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా పోవచ్చంటారు, కానీ అత్తకు దారిలో తట్టె ఇడ్లీ కావాలి, అందుకని పాత కోలారు రోడ్డే పట్టాం. నరసాపురం దగ్గర రోడ్డుపక్క హోటల్లో ఆగాం. షిఫ్టు దిగిన కుర్రాళ్లు, బిహారు వాళ్లూ ఒడిశా వాళ్లూ, మెడలో కార్డులతో ఇడ్లీ ముందు తూగుతున్నారు. తట్టంత ఇడ్లీ, మీద వెన్నముద్ద, పక్కన ఎర్రచట్నీ. ముగ్గురికీ కాఫీతో కలిపి రెండొందలు దాటలేదు. వడ మాత్రం తొమ్మిది దాటితే ఉండదు, తొందరపడండి. హోటల్లో ఉన్న ఫ్యాక్టరీ వాళ్లలో సగం మంది మునిరాజును పలకరించారు. "ఏమన్నా, ఈ పొద్దు కారా?" అని ఒకడు ఆటపట్టిస్తే, "ఆదివారం ఒక్కదినం చిన్న స్టీరింగు," అన్నాడు.

కోలారు దగ్గర హైవే వదిలి బంగారపేట మీదుగా తిరిగాం. బంగారపేట దాటుతుండగా డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ గుర్తు వెలిగింది. నూనెడబ్బా బొమ్మ, కింద చిన్న అల. అది మట్టం తగ్గిందని చెప్పే గుర్తు. నేను పక్క సీట్లోనే ఉన్నాను. "ఏమిటది?" అనేలోపే మునిరాజు, "ఏం లేదు సార్, ఆగినాక నేను చూసుకుంటాను," అన్నాడు. మరీ తొందరగా అన్నాడనిపించింది. క్లెయిము అడగడానికి వచ్చినవాడు మనం ప్రశ్న వేయకముందే జవాబు చెబితే మా ఆఫీసులో ఆ ఫైలు పక్కన పెడతాం. నేను మనసులో ఆ ఫైలు పక్కన పెట్టాను.

కేజీఎఫ్‌లో ముందు కనబడేవి సైనైడు దిబ్బలు. గనుల్లోంచి తీసిన రాయిని పొడి చేసి, సైనైడు కలిపి బంగారం తీసేసుకున్నాక మిగిలిన బూడిదరంగు మట్టి గుట్టలు. ఫోటోలకు బాగుంటాయి కానీ గాలి వీచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. గనులు మూతపడి చాలా కాలమైంది, గనిలోకి దిగే షాఫ్టుల దగ్గరికి పోనివ్వరు, రోడ్డు మీద నుంచే ఇనుప గోపురమూ దాని మీది పెద్ద చక్రాలూ చూడాలి. చాంపియన్ రీఫ్‌లో కాంతమ్మ వాళ్ల లైను ముందు పదిన్నరకు ఆగాం. ఒకే గోడను పంచుకున్న పొట్టి ఇళ్ల వరస, వంగి లోపలికి పోవాలి. కాంతమ్మ గడపలోనే నిలబడి ఉంది. "వాడీ రాజీ," అని అరవంలో పిలిచి, అత్తను చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. వాళ్లిద్దరి మధ్య మూడు భాషలు కలిసి నడుస్తాయి, మనం దూరే సందు ఉండదు.

మునిరాజు బానెట్ తెరిచి, "వేడిగా ఉండాది సార్, చల్లారినాక చూడాల. టీ తీసుకొస్తా," అని మూల అంగడికి పోయాడు. లోపలి నుంచి అత్త గొడుగు అడిగింది, ఎండలో వెనక లైను దాకా పోయి రావాలట. గొడుగు కోసం డిక్కీ తీశాను. మునిరాజు రెక్సిను సంచి జిప్పు సగం ఊడి ఉంది. అందులోంచి నూనెడబ్బా మూతి కనబడింది. ఏప్రిల్లో నేను కొన్న అదే రకం, అదే రంగు. ఎత్తి చూస్తే సగం పైగా ఖాళీ.

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. నేను కొనిచ్చిన లీటరు బండిలో పోయలేదు, దాచుకుని ఎవరికో అమ్ముకుంటున్నాడు, అందుకే మట్టం మళ్లీ తగ్గింది, అందుకే దీపం వెలగ్గానే మాట తప్పించాడు. ఒక్కో ముక్కా చక్కగా అతికింది. ఇంత చక్కగా అతికితే అనుమానించాలని మా కొత్త ఉద్యోగులకు నేనే పాఠం చెబుతాను.

మునిరాజు రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో వచ్చాడు. అందులో ఒకటి నాకు. నేను గ్లాసు అందుకోలేదు.

"ఆ సంచి తెరువు," అన్నాను.

"ఏమి సార్?"

"నూనె యాడికి పోతా ఉండాదో ఇప్పుడు తెలిసింది. సంచి తెరిచి చూపించు."

నా గొంతు పెద్దది. లైన్లో ఇళ్లు దగ్గర దగ్గర. మూడు నాలుగు గడపల్లోకి మనుషులు వచ్చారు. ఎదురింటి అరుగు మీద గళ్లలుంగీ కట్టుకున్న ఒకాయన పేపరు చదువుతున్నవాడు తలెత్తాడు. మునిరాజు టీ గ్లాసులు గోడ మీద పెట్టాడు. సంచి కింద పెట్టి జిప్పు పూర్తిగా లాగి ఒక్కొక్కటే బయట పెట్టాడు. మడిచిన యూనిఫాం చొక్కా, టిఫిను డబ్బా, కడ్డీ తుడిచే తెల్లగుడ్డ, నూనెడబ్బా.

"ఇది నేను కొన్నది సార్. మీరు కొనిచ్చింది ఆ పొద్దే పోసేసినాను. మళ్లా తగ్గింది. చెబితే మీరు బేజారు చేసుకుంటారని నేనే కొంచెం కొంచెం పోస్తా ఉండాను."

"నీ దుడ్డుతో నా బండికి నూనె పోస్తివా? నన్ను నమ్మమంటావా? దొంగతనానికి ఇది కొత్త కతనా?"

దొంగతనం అనే మాట అనేశాను. అందరూ విన్నారు.

 మునిరాజు టిఫిను డబ్బా మూత తీసి లోపలిభాగం నా వైపు తిప్పాడు. ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగాడు. రెండు చేతులూ పైకెత్తి, నిలబడ్డచోటనే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు. ఎగతాళిగా కాదు, కోపంగా కూడా కాదు. "చూసుకోండి సార్. రోజూ ఫ్యాక్టరీ గేటు కాడ చూపిస్తానే ఉండాను. మీకు చూపిస్తే నాకేమి తగ్గిపోతాది," అన్నాడు.

రాజమ్మత్త గొడుగు రాలేదని అప్పుడే గడప దాటి వచ్చింది. చేతులెత్తి తిరుగుతున్న మునిరాజును చూసి ఆగిపోయింది. 

"ఏమప్పా అది? ఎవురు నిలబెట్టినారు ఆయప్పను అట్ల?"

నేను చెప్పాను. నూనె, దీపం, డబ్బా, అన్నీ. చెబుతుంటే నాకే నీరసంగా వినిపించింది. అత్త నా మాట పూర్తికానివ్వలేదు.

"బండి తెచ్చుకున్న పొద్దు నేను నీ పక్కనే ఉంటిని. షోరూములో తాళం ఇచ్చిన పాప చెప్పలేదా? ఇది టర్బో ఇంజను, నూనె తాగతాది, సర్వీసు దాకా ఆగొద్దండి, నడుమ నడుమ చూసి పోసుకోండి అని. రెండుసార్లు చెప్పింది. నువ్వు యాడ విన్నావు? అట్టతో చేసిన ఆ పెద్ద తాళంచెవి పట్టుకోని ఫోటోకు పళ్లు ఇకిలిస్తా ఉంటివి."

ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. అందులో అత్త కూడా ఉంది. ఆమె కెమెరా వైపు కాక ఆ అమ్మాయి వైపు చూస్తోంది.

అత్త పొరబడిందేమోనన్న ఆశతో సర్వీసు సెంటరుకు ఫోన్ చేశాను. ఆదివారం కూడా ఎత్తే నంబరు ఒకటి ఉంది. అటువైపు అబ్బాయి నా కంగారు విని బుజ్జగించాడు. ఈ చిన్న టర్బో ఇంజన్లలో వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, మైలేజీ కోసం నూనె కూడా పల్చటిది వాడతారు. అందులో కొంత పిస్టను రింగుల సందుల్లోంచీ, కొంత టర్బోలోంచీ పోయి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. కింద కారదు, కంటికి కనబడేంత పొగ రాదు. ఒక హద్దు దాకా అది మామూలే, హద్దు దాటుతోందేమో తెలియాలంటే ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోస్తున్నారో చూసుకోవాలి. హైవే మీద తొక్కి నడిపేవాళ్లకు ఇంకా తగ్గుతుంది. "డెలివరీ రోజు చెప్పే ఉంటారు సార్," అన్నాడు చివర్లో.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.  మునిరాజు బయట పెట్టినవన్నీ మళ్లీ సంచిలో సర్దుతున్నాడు. తర్వాత బానెట్ దగ్గరికి పోయి, చల్లారిన ఇంజను కడ్డీ తీసి తెల్లగుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసి, తన డబ్బాలోంచే కొంచెం పోశాడు. గోడ మీద టీ గ్లాసుల్లో మీగడ కట్టింది.

అత్త అక్కడే అరుగు మీద కూర్చుంది, వెనకే వచ్చిన కాంతమ్మ పక్కన చేరింది. నాతో కాదు, కాంతమ్మతో మాట్లాడినట్టు మాట్లాడింది. "మా నాయన షాఫ్టు నుంచి పైకొచ్చినాక అట్లనే కదా నిలబడేది కాంతా. చేతులెత్తి, నోరు తెరిచి, క్యారియరు మూత తీసి. బంగారు రాయి ముక్క దాచినాడేమో అని వెతికేవాళ్లు. ముప్పై ఏండ్లు ఒక్క నలుసు ఎత్తుకోలేదు, ముప్పై ఏండ్లూ వెతికినారు. నేను ఒకతూరి సద్ది ఇచ్చేకి పోయి చూస్తిని. చూసినానని నాయనకు తెలిసిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు." కాంతమ్మ అత్త వీపు నిమిరింది.

తాత ఫోటో మా ఇంట్లో దేవుడి గదిలో ఉంది. గనిలో పనిచేసిన తాత అని మా పిల్లలకు గొప్పగా చెబుతుంటాను. ఆయన్ను నిలబెట్టి వెతికినవాళ్లను తిట్టుకుంటూ పెరిగాను. ఆయన కాపురం చేసిన లైన్లోనే, ఆయన ఇంటికి నాలుగు గడపల అవతల, నేను ఇంకో మనిషిని అలాగే నిలబెట్టాను. సిగ్గు అని రాస్తుంటే ఆ మాట చాలడం లేదు.

కాంతమ్మ రాగిముద్ద, నాటుకోడి పులుసు చేసింది. మునిరాజు లోపలికి రానన్నాడు. అత్త తన పళ్లెం పట్టుకుని పోయి అతనితో పాటు అరుగు మీద కూర్చుని తింది. నేను లోపల ఒక్కడినే కూర్చుని తిన్నాను. పులుసు బాగుందో లేదో మీకు చెప్పలేను, నాకు తెలియలేదు.

బయలుదేరాక, కారు అద్దాలు ఎక్కించి ఉన్నప్పుడు, "తప్పయింది మునిరాజూ," అన్నాను. "ఫరవాలేదు సార్," అన్నాడు రోడ్డు చూస్తూనే. వెనక నుంచి అత్త, "లైనంతా వినేట్టు అరిచినావు, ఇప్పుడు అద్దాలు మూసి గొణుగుతావా?" అంది.  కాసేపటికి ఆమే, "ఆ గళ్లలుంగీ ఆయప్ప నీకు తెలుసునా?" అని మునిరాజును అడిగింది.

"నా బస్సులోనే వస్తాడమ్మా. ముందర సీటు. ఆ లైన్లో సగం మంది నా బస్సే."

అంతే అన్నాడు. రేపు తెల్లవారి అదే లైను ముందు బస్సు ఆపి, వాళ్లందరినీ ఎక్కించుకుని పోవాలి అతను. దొంగ అన్న మాట విన్నవాళ్లను. అప్పటిదాకా నేను దాన్ని మా ఇద్దరి మధ్య గొడవ అనుకుంటున్నాను.

బేతమంగళ చెరువు పక్కగా ముళబాగిలుకు పోయే దారి చాలా బాగుంటుంది, తొందర పడకుండా నడపండి. ముళబాగిలులో దోసె తినకుండా ఎవరూ రారు. చిన్న పెనం మీద మందంగా, అంచులు కరకరలాడేటట్టు నెయ్యి పోసి కాలుస్తారు. దోసెలాయన మునిరాజుది బైరకూరని తెలిసి, "మా పక్కోడివే," అని ఇంకో గరిటె నెయ్యి పోశాడు. మునిరాజు అతనితో నవ్వాడు. పొద్దున నాతో నవ్విన నవ్వు అదే. నేను మూడు దోసెలకు డబ్బులిచ్చి బయటికి వచ్చేశాను.

శ్రీనివాసపురం చేరేసరికి నాలుగైంది. ఈ కాలంలో రోడ్డు పొడుగునా తోటలు, తోటల ముందు బుట్టలు, మండీ చుట్టూ లారీలు. పండ్లరసం ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి గుట్టలు గుట్టలుగా పోసి ఉంటుంది, తినడానికి బాదామి, రసపురి రకాలు చూడండి. పెట్టె లెక్కన కొంటే బెంగళూరు ధరలో సగానికి వస్తాయి. మధ్యాహ్నం దాటాక మిగిలిన పెట్టెలు ఇంకా తగ్గించి ఇస్తారు. అత్త గంటసేపు పండ్లు వాసన చూసింది. రెండు పెట్టెలు మాకు, ఒక పెట్టె మునిరాజుకు కొంది. అతను తీసుకున్నాడు. నేను డబ్బులివ్వబోతే అత్త నా చేయి తోసేసింది. కోలారు మీదుగా తిరిగి ఎనిమిదికి ఇల్లు చేరాం. టోళ్లూ పెట్రోలూ తిండీ కలిపి మూడు వేలు దాటదు, పండ్లు కాక.

ఆ తర్వాతి ఆదివారాలు ఫోన్ చేస్తే మునిరాజు, "డ్యూటీ ఉండాది సార్," అన్నాడు. ప్రతిసారీ అదే మాట, మర్యాదగానే. నా భుజం బాగయ్యాక నేనే నడపడం మొదలుపెట్టాను. జూలై చివర్లో ఒక పొద్దున బానెట్ ఎత్తి కడ్డీ తీసి చూశాను. నూనె మళ్లీ కింది గీత దగ్గర ఉంది. ఈమధ్య ఆ బండిని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. అత్త అన్నది అదే కదా. సోమవారం సెలవు పెట్టి, చీకటి ఉండగానే బయలుదేరి చాంపియన్ రీఫ్ చేరాను. లైను ముందు కంపెనీ బస్సు ఆగి ఉంది. జనం ఎక్కి కూర్చున్నారు. నేను మెట్టెక్కి, డ్రైవరు సీటు పక్కన నిలబడి, నా పెద్ద గొంతుతోనే చెప్పాను. "ఒక్క నిమిషం. ఆ దినం ఈ లైన్లో నేను మునిరాజును నూనె దొంగ అంటిని. అది నా తప్పు. నూనె ఎవురూ తీయలేదు, బండే తాగతా ఉండాది. ఆయన తన దుడ్డు పెట్టి పోసినాడు. మీ అందరి ముందర క్షమించమని అడుగుతా ఉండాను."

 మధ్య సీటులో ఒక అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి, "ఏమి నూనె?" అని పక్కనామెను అడిగింది. వెనక నుంచి ఒకడు, "ఎవురు దొంగ? మన మునిరాజన్ననా?" అన్నాడు. ఇంకొకడు నవ్వి, "ఏమన్నా, ఇంత కత జరిగితే మాకు చెప్పనే లేదే," అన్నాడు. గుసగుసలు ముందు నుంచి వెనకదాకా పాకాయి.

గళ్లలుంగీ ఆయన యూనిఫాంలో ముందు సీట్లో ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "మేము ఎవురికీ చెప్పలేదు సార్," అన్నాడు నెమ్మదిగా. "చూసిన నాలుగిండ్లోళ్లం, ఆ పొద్దే మరిచిపోయినాం. ఇప్పుడు ఎందుకు సార్ ఇది?"

నాకు తల కొట్టేసినట్టయింది. అన్ని రోజులు ఆ నాలుగిళ్ల వాళ్లు ఆ మాటను కడుపులో పెట్టుకుని మునిరాజును కాపాడారు. నేను బెంగళూరు నుంచి పనిగట్టుకుని వచ్చి బస్సు నిండా చాటింపు వేశాను. మునిరాజు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను దిగబోతుంటే మెల్లగా పిలిచాడు.

"సార్. నేను తోలకపోయినా తగ్గిందా నూనె?"

"తగ్గింది."

"బండికి ఏమీ కాలేదు కదా? నేనే పెద్దబండి తోలినట్ల తోలి దాన్ని చెరిపినానేమో అనుకుంటిని. మీరు ఏప్రిల్లో అడిగిన కాడ నుంచి అదే భయం. అందుకే చెప్పకుండా పోసినాను." గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే, దిగండి సార్. గేటు టైమయిపోతాది."

బస్సు పోయింది. నేను చాలాసేపు గోడ దగ్గర నిలబడ్డాను. కాంతమ్మ ఇంటికి పోవడానికి ముఖం చెల్లలేదు.

ఈ ప్రయాణం గురించి అడిగితే కేజీఎఫ్ తప్పకుండా చూడండనే చెబుతాను. దిబ్బలూ చక్రాలూ కాదు, ఆ లైన్లలో మనుషులు ఒకరి పరువును ఒకరు ఎలా దాచుకుంటారో చూడండి. నాకు అది చూడటానికి రెండుసార్లు పోవాల్సి వచ్చింది, రెండుసార్లూ నేనే పాడుచేశాను. నూనె సంగతి చిన్నదే, పోసుకుంటే సరిపోతుంది. ఒక మనిషి నా బండి పాడవుతుందేమోనని నెలల తరబడి భయపడుతుంటే, నేను అతని సంచి వైపు చూస్తూ కూర్చున్నాను. అతను ఇప్పుడు నాకు ఫోన్ చేయడు, నేనూ చేయలేకపోతున్నాను. అత్త మాత్రం రసపురి బాగా పండిందా అని అతన్ని అడిగిందట, బాగా పండిందన్నాడట.

కొత్త టర్బో బండిలో దూరం పోయేవాళ్లకు ఒక్క సలహా. బయలుదేరే రోజు పొద్దున, ఇంజను చల్లగా ఉండగా, బండి చదునైన నేల మీద ఉండగా, కడ్డీ తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి, తగ్గితే మీ బండికి చెప్పిన రకం నూనె కొంచెం కొంచెంగా పోయండి, పైగీత దాటనివ్వకండి. దారిలో ఎర్రదీపం వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజను కట్టేయండి. ఇదంతా మీ చేత్తో మీరే చేయండి. చూసేటప్పుడు పక్కన ఎవరున్నా వాళ్ల ముఖం వైపు చూడకండి, కడ్డీ చూడండి.